వాలెన్సియా సెంట్రల్ మార్కెట్: స్పెయిన్ ట్రిప్‌లో ఆఖరి పూట ఇక్కడే గడపండి

ఫ్రెండ్స్‌తో కలిసి ఏ ఊరెళ్ళినా ఆఖరి రోజు ఎటూ కాకుండా పోతుంది. పొద్దున్నే రూమ్ ఖాళీ చెయ్యాలి, ఫ్లైట్ చూస్తే సాయంత్రమెప్పుడో, ఒకడు ఇంకో మ్యూజియం అంటాడు, ఒకరు షాపింగ్ అంటారు, ఇంకొకరికి అప్పటికే కాళ్ళు పీకుతుంటాయి, చివరికి అందరూ ఏదో ఒక కాఫీ షాపులో సూట్‌కేసులు పక్కన పెట్టుకుని ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. వాలెన్సియా వెళ్ళేవాళ్ళకి మాత్రం నేను గట్టిగా చెప్పేది ఒకటే, ఆ పూట మొత్తం సెంట్రల్ మార్కెట్‌కి ఇచ్చెయ్యండి. కెథడ్రల్ చూశాం, ఆర్కిటెక్ట్ కలత్రావా కట్టిన తెల్ల బిల్డింగులు చూశాం, బీచ్ కూడా చూశాం, కానీ తర్వాత మేమందరం కాల్స్‌లో ఎక్కువ మాట్లాడుకున్నది ఈ మార్కెట్ గురించే. రేటింగ్ అడిగితే 5కి 4.5 ఇస్తాను, ఆ అర ఎందుకు తగ్గించానో తర్వాత చెప్తా.

ముందు టైమింగ్, ఎందుకంటే ఇది తెలీకపోతే మిగతాదంతా వేస్ట్. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున ఏడున్నరకి తెరుస్తారు, మధ్యాహ్నం మూడింటికి మూసేస్తారు, ఆదివారం సెలవు. మూడింటికంటే మూడింటికే అనుకోకండి, రెండున్నర నుంచే చాలా కొట్లవాళ్ళు ఐస్ ఎత్తేసి బల్లలు కడుక్కుంటూ ఉంటారు. ఇంకోటి, సోమవారం చేపల వైపు చాలా కొట్లు మూసే ఉంటాయి, ఆదివారం పడవలు వేటకి వెళ్ళవు కాబట్టి. మేం వెళ్ళింది నవంబర్‌లో ఒక శనివారం, ఫ్లైట్లు సాయంత్రం. సామాను రైల్వే స్టేషన్ దగ్గర లగేజ్ దాచే షాపు ఒకటి చూసుకుని అక్కడ పెట్టాం. ఆ షాపు యాప్‌లో రాసిన టైముకి తెరవలేదు, బయట నిలబడాల్సొచ్చింది, చిరాకేసింది గానీ అక్కడ నిలబడ్డందుకు పక్కనే ఉన్న నార్త్ స్టేషన్ బిల్డింగ్ తీరిగ్గా చూశాం, 1917లో కట్టింది, గోడల మీదంతా నారింజ పండ్లూ పూలూ. ఆ ఊరికి నారింజ తోటలంటే ఎంత గర్వమో స్టేషన్ దగ్గరే తెలిసిపోతుంది. అక్కడ్నుంచి మార్కెట్‌కి నడక పదిహేను నిమిషాల లోపే.

బిల్డింగ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే లోపల ఏమీ కొనకపోయినా అది చూడ్డానికే వెళ్ళొచ్చు. 1914లో మొదలుపెట్టి 1928లో తెరిచారు, రాజు పదమూడో అల్ఫాన్సో వచ్చి ప్రారంభించాడు. ఇనుము, గాజు, రంగుల పింగాణీ పలకలు, ఎనిమిది వేల చదరపు మీటర్ల పైనే జాగా, మధ్యలో ముప్పై మీటర్ల ఎత్తు గుమ్మటం. పొద్దున ఎనిమిది, ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆ గుమ్మటం కింద నిలబడి తల పైకెత్తండి, రంగు అద్దాల్లోంచి వెలుతురు దిగి కింద టమాటాల గుట్టల మీద పడుతుంటుంది, ఫొటోలో రాదు అది, నేను ట్రై చేశాను రాలేదు. బయట్నుంచి చూస్తే పైన గాలి దిక్కు చూపించే చిలక బొమ్మ ఒకటుంటుంది, చేపల వైపున్న చిన్న గుమ్మటం మీదైతే కత్తి చేప. ఎదురుగా ఉన్న సాంతోస్ హువానెస్ చర్చి మీద ఇంకో పక్షి ఉంది, దాని గురించి ఒక కథ చెప్తారు, పాత కాలంలో కొండ ఊళ్ళ నుంచి బీదవాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి ఆ పక్షినే చూస్తూ ఉండు కన్నా అని చెప్పి నిలబెట్టి, వాళ్ళు జనంలో కలిసి వెళ్ళిపోయేవాళ్ళట, బజారు వ్యాపారుల్లో ఎవరో ఒకరు పనికి పెట్టుకుని అన్నం పెడతారని. కథో నిజమో గానీ అది విన్నాక ఆ పక్షి వైపు చూస్తే గుండె బరువెక్కింది, మాలో ఒకామె చిన్న బాబుని ఇంట్లో వదిలి వచ్చింది, వెంటనే వీడియో కాల్ చేసుకుంది.

ఇక లోపల. మెయిన్ తలుపుల దగ్గరి కొట్లు చూసి ఇదేనా అనుకోకండి. అక్కడ కోసిన పండ్ల కప్పులు, జ్యూసులు, కోన్‌లో వేసిన హమోన్ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం) ముక్కలు, అన్నీ టూరిస్టుల కోసమే, కిలో లెక్కన చూస్తే లోపలి ధరకి రెండు మూడు రెట్లు. అర మార్కు తగ్గించింది ముఖ్యంగా ఇందుకే. అక్కడ ఒక కొట్టులో మావాడు జ్యూస్ తీసుకుంటే చిల్లర తక్కువ ఇచ్చారు, అడిగితే ఇచ్చారనుకోండి, కానీ లెక్క చూసుకోండి. నేరుగా మధ్యకి నడిచి, అక్కడ్నుంచి గోడల వైపు వెళ్ళండి, చేతి బండ్లు లాక్కుంటూ పెద్దవాళ్ళు ఎక్కడ లైన్ కడుతున్నారో అక్కడ ఆగండి. ఆ కొట్లే అసలు మార్కెట్.

లైన్ అంటే కనిపించే లైన్ కాదు. అందరూ చెల్లాచెదురుగా నిలబడి ఉంటారు, కొత్తగా వచ్చినవాళ్ళు కియెన్ ఎస్ ఎల్ ఉల్తిమో అని అడుగుతారు, అంటే ఆఖరు ఎవరు అని, ఒకరు చెయ్యెత్తుతారు, ఇక మీరు వాళ్ళ తర్వాత. ఈ ఒక్క ముక్క నేర్చుకుని వెళ్ళండి చాలు, మొహాలు మారిపోతాయి, మనల్ని చూసి నవ్వి పలకరిస్తారు. ఇంకోటి, పండ్లనీ కూరగాయల్నీ చేత్తో నొక్కి చూడకూడదు, ఏం కావాలో చెప్తే వాళ్ళే ఏరి ఇస్తారు. బేరాలుండవు, కిలో రేటు బోర్డు మీద రాసే ఉంటుంది. ఏరి ఇవ్వడం అంటే కుళ్ళినవి అంటగడతారేమో అని మాలో ఒకడికి అనుమానం, కానీ మేం పెర్సిమన్ పండ్లు తీసుకున్న ఆమె ముందు అడిగింది ఈ రోజు తింటారా రేపా అని. ఈ రోజే అంటే ఒక బుట్టలోంచి, దారికి కావాలంటే ఇంకో బుట్టలోంచి, ఒక్కోటి తిప్పి తొడిమ దగ్గర చూసి తీసింది. ఆ పండ్లు వాలెన్సియా దక్షిణాన షూకెర్ నది ఒడ్డు తోటలవి, గట్టి రకం, ఆపిల్‌లా కొరుక్కుని తినెయ్యొచ్చు, వగరు అస్సలు లేదు, నవంబర్ దానికి మంచి సీజన్. అక్కడే మెట్ల మీద నిలబడి తిన్నాం, చేతులంతా బంక, అయినా ఇంకో అర కిలో తెచ్చుకున్నాం.

చేపల వైపు వేరే హాలు, అష్టకోణంగా ఉంటుంది. నీళ్ళ తొట్టెల్లో బతికున్న మలుగు చేపలు తిరుగుతుంటాయి, దగ్గర్లోని అల్బుఫేరా సరస్సు ఊళ్ళల్లో వాటిని వెల్లుల్లీ ఎర్ర కారం వేసి పులుసు పెడతారు, ఆల్ ఇ పెబ్రే అంటారు దాన్ని. బయట వలల్లో నత్తలు కూడా అమ్ముతారు, బతికున్నవే, మెల్లగా పాకుతూ ఉంటాయి, అందరికీ నచ్చదు అది, శాకాహారులున్న గ్యాంగ్ అయితే ఆ వైపు తప్పించి వెళ్ళొచ్చు. నాకు మాత్రం అన్నిటికంటే నచ్చింది ఉప్పు చేపల కొట్లు. వెనక గోడకి ఎండిన చేపలు వేలాడుతుంటాయి, ట్యూనా మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టినది మొహామా అని, ముదురు ఎరుపు, కొయ్య ముక్కలా గట్టిగా ఉంటుంది, పల్చగా కోసి ఆలివ్ నూనె వేసి రుచికి ఇచ్చారు, నోట్లో పెట్టుకోగానే ఎండు చేపల వాసనకి చిన్నప్పటి వంటిల్లు గుర్తొచ్చేసింది, అమ్మమ్మ చేసే ఉప్పు చేప వేపుడే. మాలో గోదావరి జిల్లాల వాళ్ళిద్దరూ ఆ కొట్టు దగ్గర్నుంచి కదల్లేదు. వంద గ్రాములు అడిగితే వంద గ్రాములే కోసి ఇస్తారు, ఇంతేనా అని మొహం పెట్టరు, ఈ మార్కెట్‌లో నాకు బాగా నచ్చిన విషయం అది కూడా.

హమోన్ గురించి ఎవరైనా అడిగితే ఒకటే చెప్తాను, సీల్ రంగు చూసి కొనండి. ఇబెరికో అనే స్పెయిన్ పంది జాతి కాళ్ళకి 2014 రూల్స్ ప్రకారం నాలుగు రంగుల సీళ్ళు ఉంటాయి, నలుపు అంటే నూటికి నూరు శాతం ఇబెరికో జాతి, ఓక్ జాతి చెట్ల కాయలు తిని పెరిగింది, ఎరుపు అంటే తిండి అదే గానీ జాతి కలిసినది, ఆకుపచ్చ అంటే బయట తిరుగుతూ గింజలు, గడ్డి తిన్నది, తెలుపు అంటే ఫారంలో దాణాతో పెంచింది. రేటు నలుపుకి చాలా ఎక్కువ, చేత్తో కోసింది అయితే వంద గ్రాములకే ఇరవై యూరోల దాకా పోతుంది. మాలో పంది మాంసం తినేవాళ్ళు ఆకుపచ్చ సీల్‌ది, నలుపుది చెరో యాభై గ్రాములు తీసుకుని పక్కపక్కన పెట్టి తిన్నారు, తేడా స్పష్టంగా తెలిసిందన్నారు, నలుపుది నాలిక మీద కొవ్వు కరిగిపోతుందట. కోసే ఆయన పని చూస్తూ నిలబడిపోయాం, కాలు స్టాండ్‌కి బిగించి పొడుగాటి సన్న కత్తితో కాగితమంత పల్చటి ముక్కలు, ఒక్కోదాన్ని కత్తి మీదే తీసి ప్లేట్‌లో పరుస్తాడు, తొందర అనేదే లేదు, వెనక పదిమంది ఉన్నా సరే. ఇంటికి తీసుకెళ్ళాలంటే అల్ వాసియో అని అడగండి, గాలి తీసేసి ప్యాక్ చేసి ఇస్తారు, చీజ్‌కి కూడా అంతే. కానీ యూకే వెళ్ళేవాళ్ళు జాగ్రత్త, 2025 ఏప్రిల్ నుంచి యూరోప్ నుంచి పంది, గొడ్డు, గొర్రె మాంసం, పాల సరుకులు సొంతానికి తీసుకురావడం ఆపేశారు, ప్రయాణానికి ముందు రూల్ ఒకసారి చూసుకోండి. మా లండన్ ఫ్రెండ్ అందుకే చీజ్ కొనలేదు, పాపం అక్కడికక్కడే తిన్నంత తిన్నది.

పది గంటలకి ఆకలి మొదలైంది. వాలెన్సియా వాళ్ళకి ఈ టైములో ఎస్మోర్సరెత్ అని ఒక తిండి ఉంది, టిఫినూ కాదు భోజనమూ కాదు, పెద్ద రొట్టెలో ఆమ్లెట్టో మాంసమో కూరి, పక్కన వేరుశెనగలూ ఆలివ్‌లూ పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ తింటారు, చివర్లో క్రెమాయెత్ అని రమ్ము మండించి కలిపిన కాఫీ. మార్కెట్ లోపలే సెంట్రల్ బార్ ఉంది, రికార్డ్ కమరేనా అనే షెఫ్‌ది, ఈయన సొంత రెస్టారెంట్‌కి రెండు మిషెలిన్ స్టార్లు ఉన్నాయి, ఇక్కడ మాత్రం కౌంటర్ చుట్టూ స్టూళ్ళు, అంతే. స్టూళ్ళు తక్కువ కాబట్టి పెద్ద గ్యాంగ్ అయితే ఒకేసారి కూర్చోవాలనుకోకండి, ఇద్దరిద్దరుగా వెళ్ళండి. మేం ఎస్గరాయెత్ తీసుకున్నాం, కాల్చిన ఎర్ర క్యాప్సికం చీలికలు, ఉప్పు పట్టిన కాడ్ చేప పీచులు, వెల్లుల్లి, బోలెడు ఆలివ్ నూనె, రొట్టె ముక్కతో ప్లేటు తుడుచుకుని తిన్నాం. క్యాప్సికం తొక్క మాడి పొగ వాసన పట్టింది, ఆ తీపికి ఉప్పు చేప తగిలితే ఏం రుచో చెప్పలేను. బంగాళాదుంపల ఆమ్లెట్ కూడా బావుంది, మధ్యలో కొంచెం జారుడుగా ఉంటుంది, గట్టిగా కావాలంటే ముందే చెప్పాలి.

శాకాహారుల సంగతి చెప్పాలి, మాలో ఒకతను గుడ్డు కూడా ముట్టడు. నిజం చెప్పాలంటే మిగతా స్పెయిన్ తిండిలో అతనికి ఇబ్బందే అయింది, కూరగాయల పాయేయా (పెద్ద పెనంలో వండే అక్కడి అన్నం వంటకం) అని రాసి ఉన్నా చాలాచోట్ల చేప కాచిన నీళ్ళతోనో కోడి రసంతోనో వండుతారు, అడిగి తీరాలి. మార్కెట్‌లో మాత్రం అతనే అందరికంటే ఎక్కువ తిన్నాడు, ఆలివ్‌ల కొట్టులో రకరకాలవి గిన్నెల్లో పెట్టి ఉంటాయి, ఉప్పు నీళ్ళలో ఊరినవి, వెల్లుల్లి వేసినవి, కారంవి, రెండు మూడు రుచి చూపించి మరీ ఇచ్చారు. తర్వాత బాదం, ఎండు అంజీర్, రొట్టె, టమాటా, వాటి మీద ఆలివ్ నూనె. కడుపు నిండా.

ఇంటికి తీసుకెళ్ళే సరుకు విషయంలో నా సలహా బియ్యం, కుంకుమపువ్వు, పొగ కారం, ఈ మూడే. బియ్యంలో బోంబా రకం అడగండి, పొట్టి గింజ, చాలా నీళ్ళు పీల్చుకుని కూడా చితకదు, అందుకే పాయేయాకి దాన్నే అంత మెచ్చుకుంటారు. గుడ్డ సంచుల్లో కిలో కిలో అమ్ముతారు. అన్నం తినే జాతి కదా మనం, బియ్యం కొట్టు ముందు ఎంతసేపు నిలబడ్డామో, సేనియా రకం అంటే ఏంటి అల్బుఫేరా రకం అంటే ఏంటి అని అడుగుతూనే ఉన్నాం, ఆయన విసుక్కోకుండా గింజలు అరచేతిలో పోసి చూపించాడు. సేనియా రసం బాగా పడుతుందట, కానీ రెండు నిమిషాలు ఎక్కువైతే ముద్దయిపోతుందని చేత్తో చేసి చూపించాడు. కుంకుమపువ్వు లా మంచా ప్రాంతంది, ఆ ప్రాంతం పేరుతో సీల్ ఉన్న డబ్బాలో పోగుల రూపంలోనే కొనండి, పొడి వద్దు. దాని పక్కనే చవగ్గా పసుపు రంగు పొట్లాలు ఉంటాయి, పాయేయా కోసం అని రాసి ఉంటుంది, అది ఉత్త రంగు. అక్కడి ఇళ్ళల్లో వాడతారు అది, తప్పేం లేదు, కానీ కుంకుమపువ్వు అనుకుని కొనకండి. కారం అంటే పిమెంతోన్ దె లా వేరా, ఓక్ కట్టెల పొగ మీద ఎండబెట్టిన మిరప, మూడు రకాలు, తియ్యది, మధ్యరకం, ఘాటుది. ఘాటుది కూడా మన నాలికకి ఏమాత్రం కారం కాదు, దాని గొప్పంతా ఆ పొగ వాసన. పప్పు తాలింపులో చిటికెడు వేసి చూశాను, అద్భుతం.

ఆలివ్ నూనె పెద్ద సీసాలు మాత్రం చెక్-ఇన్ బ్యాగ్ ఉన్నవాళ్ళే కొనండి. పాయేయా పెనం కూడా అంతే. మార్కెట్ చుట్టూ ఉన్న సామాన్ల కొట్లలో అన్ని సైజులూ దొరుకుతాయి, ఎంతమందికో చెప్తే దానికి సరిపడా సెంటీమీటర్ల లెక్కన ఇస్తారు. మామూలు ఇనుముది తీసుకుంటే ప్రతిసారీ కడిగి తుడిచి నూనె రాయాలి లేకపోతే తుప్పు పడుతుంది, అంత ఓపిక లేనివాళ్ళు ఎనామిల్ పూసింది తీసుకోండి.

మార్కెట్ ఎదురుగానే లా లోన్హా, పట్టు వ్యాపారుల పాత భవనం, 1482లో మొదలైంది, 1996 నుంచి యునెస్కో లిస్టులో ఉంది. అరగంట చాలు, తప్పకుండా వెళ్ళండి, మెలి తిరిగిన స్తంభాలు తాళ్ళు పేనినట్టు పైకి వెళ్ళి కప్పులో విచ్చుకుంటాయి. ఆ హాలు గోడ పైన చుట్టూ లాటిన్‌లో రాసి ఉంటుంది, మోసం లేకుండా వ్యాపారం చేసేవాడు సిరిసంపదలతో పాటు మోక్షం కూడా పొందుతాడని దాని సారం. రోడ్డుకి ఒక వైపు ఐదొందల ఏళ్ళ కిందట అది రాయించారు, రెండో వైపు ఇప్పుడు వంద గ్రాములు వంద గ్రాములుగానే తూచి ఇస్తున్నారు, నాకు చాలా సంతోషం అనిపించింది ఆ రెండూ ఒకే పొద్దున చూస్తే.

మధ్యాహ్నం ఓర్చాతా. చూఫా అని తుంగ జాతి మొక్క వేళ్ళకి చిన్న చిన్న దుంపలు కాస్తాయి, వాటిని నానబెట్టి రుబ్బి పాలు తీసి చక్కెర వేసి చల్లగా ఇస్తారు, అసలు పాలు చుక్క కూడా ఉండవు. సాంతా కతలీనా చర్చి దగ్గర అదే పేరుతో పాత ఓర్చాతా షాపు ఉంది, గోడలకి పింగాణీ పలకల బొమ్మలు, పాలరాయి బల్లలు. గ్లాసుతో పాటు ఫార్తోన్ అని వేలంత లావు పొడుగాటి మెత్తటి బన్ తీసుకోవాలి, ముంచి వెంటనే తినాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే విరిగి గ్లాసులో పడుతుంది. మొదటి గుక్కకి సుద్దలా అనిపిస్తుంది కొంతమందికి, మా వాళ్ళలో సగం మంది మొహం చిట్లించారు, మూడో గుక్కకి అందరూ ఇంకోటి చెప్పారు. ఫార్తోన్‌లో మాత్రం గుడ్డు వేస్తారు, మా శాకాహారి గ్లాసుతోనే సరిపెట్టుకున్నాడు.

చాలామంది కొలోన్ మార్కెట్ కూడా చూడమంటారు. బిల్డింగ్ అందమే, 1916 నాటిది, కానీ ఇప్పుడది మార్కెట్ కాదు, లోపలంతా కాఫీ షాపులూ రెస్టారెంట్లూ. కూర్చుని కాళ్ళు చాపుకోవడానికి బావుంటుంది, అంతకుమించి ఆశించకండి. సెంట్రల్ మార్కెట్‌లో చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఇంకా ఆ పూట కూర కొనుక్కోవడానికి వస్తారు, దాని విలువ కొలోన్ చూశాకే నాకు ఇంకా బాగా తెలిసింది. అందుకే ఫొటోలు తీసుకునేవాళ్ళు దారికి అడ్డంగా నిలబడకండి దయచేసి, ఫొటో తీసిన కొట్టులో ఏదైనా కొనండి, నాలుగు ఆలివ్‌లైనా సరే. కొనకుండా తీసుకుపోయేవాళ్ళే ఎక్కువైతే రేపు ఇది కూడా ఉత్త కాఫీ షాపుల బిల్డింగ్ అయిపోతుందని నాకు నిజంగా భయం.

ఎయిర్‌పోర్ట్‌కి కొలోన్ స్టేషన్ నుంచే మెట్రో 3 లేదా 5 లైన్ ఎక్కొచ్చు, అరగంట లోపే చేరతారు. ఎక్కేటప్పుడు బోర్డు మీద అయెరొపోర్త్ అని ఉందో లేదో చూడండి, ఎందుకంటే అన్ని బళ్ళూ అక్కడిదాకా వెళ్ళవు. మామూలు సిటీ టికెట్ సరిపోదు, ఎయిర్‌పోర్ట్ జోన్‌కి తీసుకోవాలి, దిగాక బయటికి వచ్చేటప్పుడు కూడా గేటు దగ్గర చూపించాలి కాబట్టి పారెయ్యకండి. మీ ఫ్లైట్ ఆదివారం అయితే మార్కెట్ పని శనివారం పొద్దునే కానిచ్చెయ్యండి, సోమవారం అయితే చేపల మీద ఆశ పెట్టుకోకుండా వెళ్ళండి, మిగతా ఏ రోజైనా ఎనిమిదిన్నర కల్లా లోపల ఉండండి.